అల్ రయ్యాన్‌లో రష్యా గడ్డకట్టిన రోజు

ఖతార్‌లో నేను ఇరవై మూడేళ్లు పనిచేశాను. అందులో ఐదు వారాలు రెండో ప్రపంచ యుద్ధం చేశాను. మిగతా కాలమంతా ఎగ్జిబిషన్ స్టాళ్లు కట్టాను, విప్పాను, మళ్లీ కట్టాను. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి బాబాయ్" అంటుంటారు. అందుకని ఆ ఐదు వారాల సంగతి రాస్తున్నాను. ఇందులో మీరు నేర్చుకోవలసింది ఉందో లేదో నాకే ఇంకా తేలలేదు.

నాది కాకినాడ. వడ్రంగిగా వెళ్లి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నేను చెప్పే రోజులకి ఫుట్‌బాల్ పండుగ అయిపోయింది, దోహాలో మా లాంటి కంపెనీలకు పనులు పలచబడ్డాయి. క్యాంపులో ప్రతి గదిలోనూ ఒకటో రెండో మంచాలు ఖాళీ. ఒకరోజు మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిచాడు.

"అల్ రయ్యాన్‌లో ఒక పెద్దాయన ఇంట్లో పని ఉంది. పనయ్యాక ఆయన సంతకం పెడితే మీ బ్యాచ్ పదకొండు మందీ ఇంకో ఏడాది ఉంటారు. పెట్టకపోతే పదకొండు టిక్కెట్లు తీస్తాను" అన్నాడు.

"పనేంటి సార్?"

"వార్. సెకండ్ వరల్డ్ వార్. ల్యాండ్, ఎయిర్, సీ. మూడూ కదలాలి."

పెళ్లి పందిరికి కొలతలు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

ఆ పెద్దాయన ఖతారీ. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. ఇంటి డ్రైవరు పిలిచినట్టే మేమూ ఆయన్ని "బాబా" అనేవాళ్లం. చిన్నప్పటి నుంచి యుద్ధపు బొమ్మలు పోగేయడం ఆయన సరదా. రేకు విమానాలు, కొయ్య ఓడలు, వేలెడంత సైనికులు, అలాంటివి పెట్టెల కొద్దీ ఉండేవి. ఇంటి పక్కన కార్లు పెట్టుకునే పొడవాటి హాలు ఒకటి ఖాళీ చేయించాడు. ఆ యుద్ధం నేల మీద, గాలిలో, సముద్రంలో ఎలా జరిగిందో మనవడి బడి పిల్లలకు ఒకే చోట చూపించాలని ఆయన కోరిక. తప్పులు పట్టడానికి ఇంగ్లండు నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. పొడుగాటి మనిషి. ఎప్పుడూ చేతిలో సన్నటి కర్ర ఉండేది. మేము ఏది చేసినా దాన్ని ఆ కర్రతో తాకి "నో" అనేవాడు.

మొదటి తప్పు మాత్రం ఆయన కర్ర దాకా వెళ్లలేదు. అంతకంటే చాలా పెద్దది.

మా పర్చేజ్ సారు హైదరాబాదు అతను. బాగా చదువుకున్నవాడు, భార్యాపిల్లలతో ఐన్ ఖాలిద్‌లో ఉండేవాడు. పొరపాటున కూడా గొంతు పెంచడు. డ్రాయింగు పక్కన రాసిన సామాన్ల పట్టీలో "ట్యాంకులు, ఇరవై నాలుగు, ఇసుక రంగు" అని ఉంది. మూడో రోజు పొద్దున బాబా ఇంటి ముందు రెండు లారీలు ఆగాయి. వాటి నిండా మేడల మీద పెట్టుకునే ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులు.

"ఏంటండీ ఇవి?" అన్నాను.

"ట్యాంకులండీ. ఇరవై నాలుగు. సరిగ్గా ఇసుక రంగే కావాలన్నారని మూడు షాపులు తిరిగాను" అన్నాడు పర్చేజ్ సారు, కాస్త గర్వంగానే.

"యుద్ధం ట్యాంకులు సార్. గొట్టం ఉంటుంది చూడండి ముందు. బొమ్మలు."

ఆయన ఫోన్ తీసి, పట్టీని వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు. "ఇందులో వార్ అని ఎక్కడుంది?" అన్నాడు. నిజమే, ఎక్కడా లేదు.

షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఆ సాయంత్రం ఉత్తరపు గాలి లేచింది. ఇరవై నాలుగు ఖాళీ ట్యాంకులు బాబా పెరట్లో దొర్లడం మొదలుపెట్టాయి. వాటి వెనకాల మేము పదకొండు మందిమీ పరిగెత్తాం. ఒకటి వెళ్లి ఖర్జూరపు చెట్టును గుద్దింది. చివరికి తోటమాలి గొట్టం తెచ్చి అన్నిట్లోనూ నీళ్లు నింపాడు. బరువు పడితే అవి కదలవు గదా. బాబా బయటికొచ్చి, వరసగా నిలబడ్డ ట్యాంకులను చూసి, "ఇది ఏ దేశం సైన్యం?" అని అడిగాడు. ఆయన నవ్వుతున్నాడో లేదో ఆ గడ్డంలో తెలిసేది కాదు.

ఆ తర్వాత అసలు ట్యాంకులు వచ్చాయి, జానెడు పొడవువి. బల్ల కింద గొలుసు తిరిగితే పైన అవి నడుస్తాయి. హాలు పొడవు కాబట్టి అన్నీ వరసలో పెట్టాం. ముందు సముద్రం, దాని పక్కన ఆఫ్రికా ఎడారి, ఆ పక్కన రష్యా. భూగోళం అలా ఉండదని నిపుణుడు రెండు రోజులు వాదించాడు. హాలు అలాగే ఉందని నేను రెండు రోజులు చెప్పాను.

ఎడారి కోసం ఊరి బయటి నుంచి ఇసుక తెప్పించాం. నిపుణుడు కర్రతో తాకి "నో" అన్నాడు. ఆఫ్రికా ఇసుక ఇంకా ఎర్రగా ఉంటుందట. చేసేది లేక, రంగు కలిపిన ఇసుకను బస్తాల లెక్కన షాపులో కొన్నాం.

"గిదేందన్నా, ఎడారిల కూసొని ఎడారి కొంటున్నం" అన్నాడు మా పెయింటరు భాయ్. "ఊర్ల జెప్తే నవ్వుతరు."

భాయ్‌ది నిజామాబాద్ దగ్గర. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. పద్దెనిమిదేళ్లుగా నాతోనే పనిచేస్తున్నాడు. చెయ్యి బంగారం, నోరు మాత్రం ఊరుకోదు. "మా తాత ఈ లడాయిలనే పోయిండన్నా, మిసిర్‌కు" అన్నాడు ఒకరోజు. మిసిర్ అంటే ఈజిప్టు. "బంబయి పోతున్న అని ఇంట్ల జెప్పి పోయిండట. మూడేండ్లకు వచ్చిండు."

నిపుణుడు ఇచ్చిన సైనికులందరికీ తెల్ల మొహాలు వెయ్యమని రంగు నంబరు రాసి ఉంది. భాయ్ ఎవరికీ చెప్పకుండా ఒక్క సైనికుడికి గోధుమరంగు మొహం వేసి, తలపాగా చుట్టి, మీసాలు దిద్ది ఆఫ్రికాలో నిలబెట్టాడు. మర్నాడు నిపుణుడి కర్ర తిన్నగా వాడి దగ్గరే ఆగింది. ఆయన తన పుస్తకాలు తిరగేసి, కళ్లద్దాలు తుడుచుకుని, మేము చేసింది నిజమేనని ఒప్పుకున్నాడు. అక్కడ భారత సైన్యం బోలెడంత ఉందట. కాబట్టి ఇలాంటి వాళ్లు ఇంకో రెండు వందల మంది కావాలన్నాడు.

భాయ్ పది రోజులు నడుం ఎత్తలేదు. "ఒక్క తాతను పెడ్దామనుకున్న. పల్టన్ మొత్తం వచ్చి మీద పడ్డది" అన్నాడు, రెండు వందల తలపాగాల మధ్య కూర్చుని.

గాలి సంగతి ఎక్కువ చెప్పను, మా ఎలక్ట్రీషియన్ పరువు ఉంది. విమానాలన్నిటినీ ఒక పెద్ద ఇనుప చక్రానికి వేలాడదీశాం. స్విచ్ వేస్తే చక్రం తిరిగింది, విమానాలు ఎగిరాయి. రెండో వారం దాకా ఎవరమూ గమనించని సంగతి ఏంటంటే, అవన్నీ తోక ముందుకు పెట్టుకుని ఎగురుతున్నాయి. ప్రపంచ యుద్ధం మొత్తం వెనక్కి పోతోంది. నిపుణుడు కర్ర ఎత్తాడు గాని "నో" అనడానికి కూడా నోరు రాలేదు. వైరు మార్చి కలిపాక విమానాలు ముందుకు తిరిగాయి. ఏసీ వేసినప్పుడు మాత్రం రెండు జపాను విమానాలు గాలికి కొట్టుకుని లండను మీదికి పోయేవి.

ఇక నా తప్పులకు వస్తాను. మొదటిది మంచు. రష్యాకు మంచు కావాలి. ముందు ఉప్పు పోశాం. తడి గాలికి రెండు రోజుల్లో ముద్దలు కట్టింది. నిపుణుడు దూది పరుద్దామన్నాడు. నేను ప్లాస్టర్ పొడి అయితే అచ్చం మంచులా ఉంటుందని మొండిపట్టు పట్టాను. బూజు దులిపినంత మెత్తగా పొడి జల్లితే నిజంగానే అందరూ చలి వేసినట్టు చేతులు కట్టుకుని చూశారు. గోడలకు పూసే ప్లాస్టరు మీద నీళ్లు పడితే ఏమవుతుందో ముప్పై ఏళ్లుగా చేతులతో తెలిసినవాణ్ని నేను. అదే వరసలో సముద్రం ఉన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

రెండోది సముద్రం. ఫైబర్ పూసిన పెద్ద చెక్క తొట్టి. ఎడమ సగం అట్లాంటిక్, కుడి సగం పసిఫిక్. పిల్లలు రావలసిన రోజు పొద్దున్న నీళ్లు నింపాం. అట్లాంటిక్ నిండింది, పసిఫిక్ నిండలేదు. ఒకప్పుడు కార్లు కడిగిన హాలు కాబట్టి నేలకు ఎడమ వైపు వాలు ఉంది. అది నేను కొలవనే లేదు. అమెరికా విమానాలను మోసే ఓడ పసిఫిక్ అడుగున, పొడి నేల మీద పక్కకు ఒరిగింది.

"నీళ్లు తీసేసి, తొట్టి లేపి, సమం చేద్దామన్నా" అన్నాడు భాయ్.

"టైం లేదు భాయ్. నాలుగింటికి పిల్లలొస్తారు. ఎడమ పక్క కింద చెక్క ముక్కలు తోసేద్దాం, అదే సర్దుకుంటుంది" అన్నాను.

నీళ్లు నిండిన తొట్టి కింద చెక్క ముక్కలు పెట్టి సుత్తితో కొట్టకూడదు. మీరెవరైనా ఈ వ్యాసం నుంచి ఒక్క ముక్కే తీసుకోదలిస్తే ఇది తీసుకోండి. మూడో దెబ్బకు పసిఫిక్‌లోకి నీళ్లు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగో దెబ్బకు తొట్టి మెలిపడి, ఆఫ్రికా వైపు మూల అతుకు టప్పుమని విడింది.

సముద్రం ఆఫ్రికా మీదికి వచ్చింది. షాపులో కొన్న ఎర్ర ఇసుకంతా బురదైంది. భాయ్ వేసిన రెండు వందల మంది వెల్లకిలా పడి, తలపాగాలతో సహా తేలుకుంటూ పోయారు. మేము చేతులు అడ్డం పెట్టాం. ఎవరో చొక్కా విప్పి అడ్డం వేశారు. నీళ్లు ఆఫ్రికా అంచు దాటి తిన్నగా రష్యాలోకి దిగాయి. పొడి మంచు వాటిని దాహంతో ఉన్నదానిలా పీల్చుకుంది.

"పౌడర్! అన్నా, పౌడర్!" అని అరిచాడు భాయ్.

అతుకు మూసేసరికి పావుగంట పట్టింది. రష్యా వైపు తిరిగి చూస్తే మంచు వెచ్చబడుతోంది. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. స్విచ్ వేశాను. బల్ల కింద గొలుసు మూలిగింది. రష్యాలో పదకొండు ట్యాంకులు ఒక్కసారి వణికి, ముందుకు వంగినట్టై, అలాగే ఆగిపోయాయి. భాయ్ ఉలి పెట్టి ఒకదాన్ని పెకలించబోతే దాని గొట్టం విరిగి చేతిలోకి వచ్చింది. ఇంక ముట్టుకోవద్దన్నాను.

నేను నేల మీద కూర్చుండిపోయాను. పదకొండు ట్యాంకులు, పదకొండు టిక్కెట్లు.

నన్ను లేపింది పర్చేజ్ సారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, "నీళ్లు! ముందు సముద్రం నింపండి! ట్యాంకులున్నాయి కదా పెరట్లో!" అని కేకేశాడు. గాలికి దొర్లకుండా నింపిపెట్టిన ఇరవై నాలుగు ట్యాంకులు! తోటమాలి గొట్టాలు తెచ్చాడు. పర్చేజ్ సారు ఇస్త్రీ చొక్కా తడిసిపోతున్నా తనే గొట్టం పట్టుకుని పసిఫిక్ నింపాడు. ఆయన తప్పు వచ్చి నా తప్పును సగం కాపాడింది. మిగతా సగం రష్యాలో రాయిలా ఉంది.

మూడున్నరకు బాబా లోపలికొచ్చాడు. వెనకాల నిపుణుడు. ఆఫ్రికాలో ఎర్ర బురద. రష్యాలో కదలని సైన్యం. పైన విమానాలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి.

పర్చేజ్ సారు నా కంటే ముందు నోరు తెరిచాడు. "స్పెషల్ ఎఫెక్ట్ బాబా. వింటర్ ఎఫెక్ట్" అన్నాడు.

బాబా నా వైపు చూశాడు. ఆయన మాతో అరబ్బీ కలిసిన వచ్చీరాని హిందీలో మాట్లాడేవాడు. "సదీఖ్, ఇది నువ్వు కావాలని చేశావా?" అని అడిగాడు. సదీఖ్ అంటే స్నేహితుడు.

అవునంటే పని అయిపోతుంది. నా వెనక పది మంది నిలబడి ఉన్నారు. వాళ్ల కోసమైనా అవుననాలి. కాని అన్నేళ్లలో నేను కట్టిన దాని గురించి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదనుకోండి, అందుకే అలవాటు కాలేదు.

"లేదు బాబా. సముద్రం లీకైంది. తప్పు నాదే" అన్నాను.

"నాకు తెలుసు" అన్నాడాయన, ఒక కాలు పైకెత్తి చూపిస్తూ. తోలు చెప్పు నీళ్లోడుతోంది.

అప్పుడు జరిగింది మాత్రం మాలో ఎవరమూ అనుకోనిది. నిపుణుడు రష్యా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టేశాడు. ఐదు వారాల్లో మొదటిసారి ఆయన నోటి వెంట "యెస్" అని వినపడింది. జర్మను సైన్యం ముందు బురదలో దిగబడిందట, తర్వాత చలికి గడ్డకట్టిందట. బండ్లు, తుపాకులు, గుర్రాలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయట. దాన్ని ఎలా చూపించాలో తెలియక ఆయన ఐదు వారాలుగా బాధపడుతున్నాడట. మాతో ఎప్పుడూ అనలేదు. "నో" అనడంలోనే ఆయన బాధంతా ఉందని మాకేం తెలుసు?

నాలుగింటికి పిల్లలొచ్చారు. నలభై మంది, తోబు అనే తెల్లటి పొడుగు చొక్కాల్లో. విమానాలను చూసి తలలెత్తారు, ఓడలను చూసి నీళ్లలో వేళ్లు పెట్టారు. రష్యా దగ్గర మాత్రం కదలకుండా నిలబడిపోయారు. "ఇవి ఎందుకు నడవట్లేదు?" అని ఒకడు అడిగాడు. బాబా వాడి పక్కన వంగి అరబ్బీలో చాలాసేపు చెప్పాడు. మాకు అర్థమైంది "బర్ద్, బర్ద్" అనే మాటొక్కటే. చలి, చలి. ఖతార్ పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని వణికినట్టు నటించారు. గొలుసు మూలుగుతుంటే దాన్ని గాలి హోరు అనుకున్నారు.

పిల్లలు వెళ్లాక నిపుణుడు మళ్లీ కర్ర తీశాడు. పాత మనిషి తిరిగొచ్చాడని మాకు ప్రాణం లేచొచ్చింది. కర్ర రష్యా మధ్యలో ఆగింది. పదకొండు జర్మను ట్యాంకుల మధ్య, నడుం దాకా ప్లాస్టరులో కూరుకుపోయి, తలపాగా, మీసాలతో ఒక్క సైనికుడు నిటారుగా నిలబడి ఉన్నాడు. భాయ్ వాళ్ల తాత. ఆఫ్రికా నుంచి తేలుకుంటూ వచ్చి అక్కడ గట్టిపడిపోయాడు. రష్యాలో భారత సైనికుడు ఉండడానికి వీల్లేదు, చెక్కి తీసెయ్యమన్నాడు నిపుణుడు.

భాయ్ ఉలి పట్టుకుని దగ్గరికి వెళ్లాడు. వంగి చూశాడు. ఉలి పక్కన పెట్టేశాడు.

"మా తాత బతికున్నప్పుడు గూడ ఆయనను ఏడికి తోలుతున్నరో ఎవ్వలు జెప్పలేదన్నా" అన్నాడు నాతో.

నేను ఆ మాట హిందీలో బాబాకు చెప్పాను. ఆయన వంగి ఆ బొమ్మను వేలితో తాకాడు. "ఖల్లీ" అన్నాడు. ఉండనివ్వండి అని. నిపుణుడు పక్కన చీటీ అంటించాలన్నాడు. దాని మీద ఏం రాయాలో మాత్రం ఆయనకు తోచలేదు.

బాబా సంతకం పెట్టాడు. మేనేజరు కాగితం చూసుకుని, పనిలో బాగున్నది ఏమిటన్న చోట "మంచు" అని మాత్రమే ఎందుకు రాశాడని అడిగాడు. సముద్రం లీకైన సంగతి మొత్తం చెప్పేశాను. పదకొండు మందిమీ ఇంకో ఏడాది ఉన్నాం.

ఆ ఏడాదిలోనే అల్ అజీజియాలో ఇంకో పెద్దాయన బాబా హాలు చూసొచ్చి, తనకూ అలాంటి రష్యానే కావాలన్నాడు. మేనేజరు ఉత్సాహంగా దానికి "లీకేజ్ సిస్టమ్" అని పేరు పెట్టి మమ్మల్ని పంపాడు. ఈసారి నేల వాలు కొలిచాం. పొడి తూచాం, నీళ్లు కొలిచాం, అతుకును మేమే సన్నగా విప్పాం. మొదటిసారి నీళ్లు చాల్లేదు. రెండోసారి ఎక్కువై పొడి పాలలా కారిపోయింది. మూడోసారి అన్నీ కుదిరాయనుకుని స్విచ్ వేశాను. ప్లాస్టరు పైపైన పగిలింది. ట్యాంకులన్నీ దర్జాగా నడిచి, మాస్కో దాటి, బల్ల అంచు నుంచి ఒక్కొక్కటిగా కింద పడ్డాయి.

భాయ్ వాటిని ఏరి ఒళ్లో పెట్టుకుంటూ అన్నాడు: "గీసారి తప్పును మస్తు జాగ్రత్తగ చేస్తున్నమన్నా. గందుకే అయితలేదు."